ఇంటికి కాగితాల్లేకపోతే నీళ్ల హక్కు ఉండదా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మూసీకి దగ్గర్లో ఒక బస్తీ. ఇళ్లకు పట్టాల్లేవు, ఉన్నది నోటరీ కాగితం ఒక్కటే. నల్లా రెండు రోజులకోసారి వస్తుంది, వచ్చిన మొదటి పావుగంట మోరీ వాసన. వెనక గల్లీలో పదిహేను ఇళ్లకు అసలు నల్లానే లేదు. అడగడానికి వెళ్తే "మీ ఇళ్లకే కాగితాల్లేవు, నీళ్ల గురించి ఏం అడుగుతారు" అన్నారట. నీళ్లు మానవ హక్కు అంటారు కదా, అది నిజంగా ఉందా, పుస్తకాల్లోనేనా అని ప్రశ్న.

ఉంది తమ్ముడూ. సుప్రీంకోర్టు ఆ మాట చెప్పిన కేసు కూడా మన హైదరాబాద్ నీళ్ల మీదే నడిచింది. ముప్పై ఏళ్లు తాగునీటి పైపులైన్ల పనిలో ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు బస్తీల వాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. లాయర్ని కాను. కాబట్టి చట్టం గురించి నాకు అనుభవంలో పనికొచ్చినంత వరకే చెప్తాను, పైపు గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్తాను.

రాజ్యాంగంలో "నీటి హక్కు" అని వెతికితే ఎక్కడా దొరకదు. నీళ్ల ఊసు మాత్రం ప్రాథమిక హక్కుల్లోనే ఉంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు వాడుకోకుండా మతం, జాతి, కులం, ఆడ మగ, పుట్టిన చోటు పేరు చెప్పి ఎవర్నీ ఆపకూడదని 15వ అధికరణంలో రాశారు. 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ వాక్యం ఎందుకు రాశారో దాన్నిబట్టే అర్థమవుతుంది. మిగతాదంతా 21వ అధికరణంలోని జీవించే హక్కు నుంచి కోర్టులు తీసినదే. కాలుష్యం లేని నీళ్లు, గాలి ఆ హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మన కేసు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను పైనే ఆపాలన్న ఆలోచనతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీళ్లు ఇచ్చాయి. గండిపేట (ఉస్మాన్‌సాగర్‌కు జనం పిలిచే పేరు) నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని మా నాన్న తరం వాళ్లు ఊరికే అనలేదు. ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టకూడదని 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చారు. అదే ప్రభుత్వం తర్వాత ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకదానికి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు, గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 డిసెంబర్‌లో వచ్చిన తీర్పు ఏమన్నదంటే, తాగునీరు అందడం జీవించే హక్కుకు మూలం, జనానికి శుభ్రమైన తాగునీరు ఇవ్వాల్సిన బాధ్యత 21వ అధికరణం కింద ప్రభుత్వం మీద ఉంది. ఆ మినహాయింపును కొట్టేశారు. న్యాయవాదులు దీన్ని ఎం.వి. నాయుడు కేసు అంటారు, రెండో తీర్పు. మీ అర్జీలో రాయాల్సింది ఈ కేసు పేరు. (2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ 111 ఆంక్షలే ఎత్తేశారు. దాని మీద నాకు చాలా కడుపుమంట ఉంది, కానీ అది ఇక్కడ మొదలుపెడితే ఆగదు.)

ఐక్యరాజ్యసమితి సంగతి కూడా అడిగారు. 2010 జూలై 28న సాధారణ సభ తాగునీరు, పారిశుద్ధ్యం మానవ హక్కని తీర్మానం చేసింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, అందులో మనమూ ఉన్నాం. 41 దేశాలు ఎటూ ఓటెయ్యలేదు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఈ ముక్క పిటిషన్‌లో ఒక పేరాకు సరిపోతుంది. జలమండలి (హైదరాబాద్ నీళ్ల బోర్డు) మేనేజర్ టేబుల్ ముందు నిలబడి ఐక్యరాజ్యసమితి అంటే మాత్రం నవ్వుతారు, అక్కడ అనకండి.

హక్కయితే బిల్లెందుకు కట్టాలని ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. హక్కంటే ఊరికే ఇవ్వాలని కాదు. కట్టుకోగలిగిన ధరకు దొరకాలని. మన దగ్గర 2021 జనవరి నుంచి గ్రేటర్ పరిధిలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. లెక్క చూడండి: రోజుకు దాదాపు 667 లీటర్లు, అయిదుగురున్న ఇంట్లో మనిషికి 133. నగరాల్లో మనిషికి 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టుకున్న కొలత. అంటే కాగితం మీద చూస్తే దాదాపు అందరికీ సరిపోయినట్టే. కానీ ఆ ఉచితం నల్లా ఉన్నవాడికి. మీ వెనక గల్లీ వాళ్లు 20 లీటర్ల క్యాను 20 రూపాయలకు కొంటున్నారనుకోండి, వెయ్యి లీటర్లకు వెయ్యి రూపాయలు పడుతుంది. అపార్ట్‌మెంట్లో ఉన్నవాడు మొత్తం 20,000 లీటర్లు ఊరికే వాడుకుంటుంటే రోజుకూలీకి పోయేవాడు లీటరుకు రూపాయి పెడుతున్నాడు. నాకు ఈ లెక్క ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు కాగితాల మాట. మీతో ఆ మాట అన్నాయన చట్టం చూసి అనలేదు, భయపడి అన్నాడు. నల్లా ఇస్తే నెలనెలా మీ పేరు మీద రికార్డు పుడుతుంది. రేపు ఆ స్థలం మీద కోర్టు గొడవ వస్తే మీరు అదే తీసి చూపిస్తారని, "ఎవడిచ్చాడు కనెక్షన్" అని పైవాళ్లు తననే పట్టుకుంటారని. నేను ఆ కుర్చీకి దగ్గర్లో కూర్చున్నవాణ్నే, ఆ టెన్షన్ నాకు తెలుసు. అందుకే నేను రాసే ప్రతి అర్జీలో ఒక వాక్యం పెడతాను: "ఈ నల్లా కనెక్షన్ వల్ల మాకు స్థలం మీద ఎలాంటి హక్కూ రాదని మాకు తెలుసు, దీన్ని యాజమాన్యానికి ఆధారంగా చూపించబోమని హామీ ఇస్తున్నాం." దీన్నే స్టాంపు పేపర్ మీద కూడా రాసి ఇవ్వండి. పోయేదేమీ లేదు, ఎలాగూ నల్లా బిల్లుతో పట్టా రాదు. ఈ ఒక్క వాక్యంతో కదిలిన ఫైళ్లు చూశాను.

దానికి తోడు ముంబై తీర్పు ఒకటి ఉంది. 2000 జనవరి 1 తర్వాత వేసుకున్న గుడిసెలకు నీళ్లు ఇవ్వం అన్నది అక్కడి కార్పొరేషన్ నియమం. పానీ హక్ సమితి అనే సంఘం హైకోర్టుకు వెళ్లింది. గుడిసె అక్రమమైనా అందులో ఉండే మనిషికి 21వ అధికరణం వర్తిస్తుంది, నీళ్లు పూర్తిగా ఆపడం కుదరదని 2014 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు చెప్పింది. సక్రమంగా ఉన్నవాళ్లతో సమానంగా ఇవ్వాలని మాత్రం అడగలేరని కూడా అంది. ఇంటింటికీ కాకపోయినా బస్తీకి ఉమ్మడి నల్లా అయినా ఇవ్వాలన్నమాట. అది మన హైకోర్టును కట్టిపడేసే తీర్పు కాదు. చూపించి ఒప్పించడానికి పనికొస్తుంది. కాబట్టి వెనక గల్లీ పదిహేను ఇళ్లూ ఒక్కొక్కరుగా కాకుండా అందరూ కలిసి ఒకే అర్జీ పెట్టండి. మొదటి కోరిక ఇంటింటికీ నల్లా అని, అది అయ్యేదాకా గల్లీ మొదట్లో ఉమ్మడి నల్లా లేదా రోజూ ట్యాంకర్ కావాలని రాయండి. రెండో కోరిక లేకుండా అర్జీ పెడితే "సాధ్యం కాదు" అని ఒక్క ముక్కతో మూసేస్తారు.

వాసన సంగతికి వద్దాం. దీనికి కాగితాలతో పని లేదు, ఆల్రెడీ నల్లా ఉన్న ఇళ్ల సమస్య ఇది, తొందరగా తేలాల్సింది కూడా ఇదే. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల్లో చేరారు. వాసనే కదా అని ఊరుకోకండి.

మురుగు మంచినీళ్ల పైపులోకి ఎలా పోతుందో చాలామందికి తెలియదు. "పైన ట్యాంకులోనే కలుస్తోంది" అనుకుంటారు. కృష్ణా నీళ్లయినా గోదావరి నీళ్లయినా ఫిల్టర్ బెడ్ దాటి రిజర్వాయర్ నుంచి బయల్దేరేటప్పుడు బాగానే ఉంటాయి, క్లోరిన్ కూడా ఉంటుంది. పాడయ్యేది ఎక్కువగా చివరి రెండు మూడు వందల మీటర్లలో. మనకు 24 గంటలు నీళ్లు రావు. రోజు విడిచి రోజు గంటో గంటన్నరో వస్తాయి. మిగతా టైమంతా పైపు ఖాళీ. నీళ్లున్నప్పుడు పైపు లోపల ప్రెషర్ ఉంటుంది, చిల్లు ఉంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి. వాల్వ్ కట్టేశాక లైన్ ఖాళీ అవుతుంటే అదే చిల్లు చుట్టూ ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. చుట్టూ ఉన్నది మోరీ నీళ్లయితే మోరీ నీళ్లే లాక్కుంటుంది. మళ్లీ వాల్వ్ తిప్పగానే అదంతా ముందు కొట్టుకొస్తుంది. మీకు మొదటి పావుగంట వాసన వచ్చి తర్వాత తగ్గడానికి కారణం ఇదే. గంటసేపూ ఒకేలా వాసన ఉంటే పెద్ద లైనే ఎక్కడో పగిలిందని అర్థం. మీది అంత దూరం పోయినట్టు లేదు.

దీనికి తోడు మోటార్లు. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే పైపులో మిగిలిన కాస్త ప్రెషర్ కూడా పోయి గుంజుడు మొదలవుతుంది. చివరి ఇంటికి నీళ్లు రాకపోగా, గల్లీ మొత్తానికి మురుగు పంచినట్టవుతుంది. మోటార్లు పెట్టడం నిషిద్ధం, దొరికితే పట్టుకుపోతారు, జరిమానా వేస్తారు. ఈ మాట రాస్తే పక్కింటి వాళ్లతో గొడవ అవుతుందని తెలుసు. అయినా ఫిర్యాదు ఇచ్చే ముందు మీ గల్లీలో ఎన్ని మోటార్లున్నాయో మీరే లెక్కపెట్టుకోండి, ఎందుకంటే వచ్చినాయన మొదట అడిగేది అదే.

చిల్లు ఎక్కడుంటుంది? పది చోట్ల ఏడెనిమిది చోట్ల పెద్ద పైపులో కాదు, పెద్ద పైపు నుంచి ఇంటికి వచ్చే అరంగుళం ఇనుప పైపులో. మోరీ దాటించడానికి వేరే దారి లేక మోరీలోంచే తీసుకెళ్తారు, కొన్నేళ్లకు తుప్పు పట్టి జల్లెడ అవుతుంది. ఒకసారి ఒక గల్లీలో వాసన అని అయిదు చోట్ల తవ్వించాను. ఏమీ దొరకలేదు. ఆరోరోజు మా లైన్‌మన్ విసుగెత్తి మ్యాన్‌హోల్ మూత తీసి టార్చ్ వేస్తే, ఒకింటి పైపు సరిగ్గా ఆ మ్యాన్‌హోల్ మధ్యలోంచి పోతోంది. ఆ ఇంటివాళ్లు ఖాళీ చేసి రెండేళ్లయింది, కనెక్షన్ ఎవరూ కట్ చేయలేదు. మొదటి రోజే మూతలు తీసి చూసి ఉంటే అయిదు గుంతలు తప్పేవి. పొరపాటు నాదే. అప్పటినుంచి వాసన ఫిర్యాదు వస్తే గడ్డపార కంటే ముందు టార్చే తీయించాను.

మీరు సొంతంగా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. స్విమ్మింగ్ పూల్ సామాన్లు అమ్మే షాపుల్లో క్లోరిన్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, లైన్‌మన్ దగ్గరా ఉంటుంది. గొట్టంలో నల్లా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంత మేర పసుపు రంగు తిరుగుతుంది. తాగునీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మురుగు కలిస్తే క్లోరిన్ దాన్ని శుభ్రం చేయడంలోనే ఖర్చయిపోతుంది. కాబట్టి నీళ్లొచ్చిన రోజు గల్లీ మొదటి ఇంటి నుంచి వరసగా చూసుకుంటూ రండి. నాలుగో ఇంట్లో పసుపు, అయిదో ఇంట్లో తెల్లగా ఉందంటే చిల్లు ఆ రెండిళ్ల చుట్టుపక్కలే ఉండొచ్చు. ఇళ్ల వరస, టైము, రంగు ఒక కాగితం మీద రాసి, ఫొటోలు తీయండి. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, తాగకూడదు. ఇలాంటి కాగితం పట్టుకొచ్చినవాణ్ని ఏ ఇంజినీరూ ఉత్త చేతులతో పంపలేడు, తన పని సగం మీరు చేసిపెట్టారు మరి.

ఫిర్యాదు నోటితో ఇవ్వకండి. జలమండలి కస్టమర్ కేర్ 155313. ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకుని, క్యాన్ నంబరు (నల్లా బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు) చెప్పండి. ప్రతి వాసన రోజుకూ విడిగా ఒక ఫిర్యాదు, అయిదారు ఇళ్ల నుంచి. "ఎన్నోసార్లు చెప్పాం" అన్న మాటకు ఎక్కడా విలువ లేదు, తేదీలతో ఏడు నంబర్లకు ఉంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ల పరీక్ష చేస్తారు. సీసా మాత్రం వాళ్లదే తెచ్చుకోవాలి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ రిపోర్టుకు విలువుండదు. మొదటి పావుగంటలో వచ్చే నీళ్లే పట్టండి, ఐసులో పెట్టి ఆ రోజే ఇచ్చెయ్యండి. వంద మిల్లీలీటర్లలో ఈ-కోలి అనే క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదన్నది నియమం. ఉందని వస్తే మురుగు కలిసిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

వీటితో కదలకపోతే సమాచార హక్కు అర్జీ. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే అదీ లేదు. ఈ నాలుగే అడగండి: మా గల్లీ పైపు ఏ సంవత్సరం వేశారు, గత ఆరు నెలల్లో మా గల్లీలో తీసిన శాంపిళ్లు ఎన్ని, వాటి ఫలితాలు ఏమిటి, ఫలానా నంబర్ల ఫిర్యాదుల మీద ఏం చేశారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది కానీ, నీళ్ల విషయంలో అది ఒప్పించడం కష్టం, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆ తర్వాత మెట్టు అందరూ హైకోర్టు అంటారు. దానికి ముందు ఒకటుంది, చాలామంది లాయర్లు కూడా చెప్పరు. లీగల్ సర్వీసెస్ చట్టం కింద పర్మనెంట్ లోక్ అదాలత్ అని ఉంటుంది. మామూలు లోక్ అదాలత్ వేరు, ఇది వేరు. రవాణా, కరెంటు, నీళ్ల సరఫరా, పారిశుద్ధ్యం లాంటి ప్రజా సేవల గొడవలకే దీన్ని పెట్టారు. కోర్టు ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలని లేదు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు, దాని మీద అప్పీలు లేదు. ముఖ్యమైన షరతు ఒకటి, ఇదే గొడవ మీద ముందే కోర్టుకు వెళ్లి ఉండకూడదు. అందుకే వాసన కేసు ఇక్కడికి, వెనక గల్లీ నల్లాల కేసు అవసరమైతే హైకోర్టుకు. రెండూ కలిపి ఒక్కచోట పెడితే పట్టాల గొడవలో వాసన కొట్టుకుపోతుంది. దారి తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల హెల్ప్‌లైన్ అది. ఆడవాళ్ల పేరు మీద అడిగితే ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, కాబట్టి అర్జీ అమ్మ పేరు మీదో అక్క పేరు మీదో పెట్టండి.

ఈలోగా తాగేదేమిటి? నీళ్లు తెర్లకాగాక ఇంకో నిమిషం మరిగించండి, క్రిములకు అది చాలు. ఆర్వో మిషన్ కొనడానికి అప్పు చేయొద్దు. ఆర్వో అమ్మేవాళ్లు రెండు కడ్డీల మిషన్ ఒకటి గ్లాసులో ముంచి, మీ నీళ్లు మట్టి రంగుకు తిరిగాయని చూపించి భయపెడతారు. ఆ రంగు నీళ్లది కాదు, కరెంటు పారినప్పుడు ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. టీడీఎస్ మీటర్ కూడా ఉప్పులను కొలుస్తుందే తప్ప మురుగును పట్టుకోలేదు. బోరు నీళ్ల కథ వేరు. మూసీ పక్కన బోర్లలో నైట్రేట్ ఉండే అవకాశం ఎక్కువ, కాచితే అది పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. పాలపొడి నీళ్లలో కలిపి తాగే పసిపిల్లలుంటే వాళ్లకు బోరు నీళ్లు కాచినా పట్టొద్దు.

వచ్చే నీళ్ల రోజు క్లోరిన్ పరీక్ష చేసి, ఏ ఇంటి దగ్గర రంగు పోయిందో ఇక్కడ రాయండి. ఆ ఇంటి ముందు మ్యాన్‌హోల్ ఉందా, మోరీ ఎటు పోతోంది, నల్లా పైపు ఇనుపదా ప్లాస్టిక్‌దా అన్నది కూడా. వెనక గల్లీ అర్జీకి నమూనా, హామీ పత్రంతో సహా, రేపు సాయంత్రానికి పెడతాను. పదిహేను ఇళ్ల ఆధార్ నకళ్లు ఈలోపు సిద్ధం చేసుకోండి.